శూన్యంలో చెల్లో

మంచానికి ఎడమ పక్క నాది. పెళ్లయిన కొత్తలోనే ఈ పంపకం జరిగిపోయింది. కిటికీ ఆ వైపు ఉంది, తెల్లారగానే వెలుగు ముఖం మీద పడితే నాకు ఇష్టం. మా ఆయనకు ఎటైనా ఒకటే. అలా అతని ఎడమ చెవి నా వాటాకు వచ్చింది.

ఆ చెవిని నేను బాగా వాడుకున్నాను. ముఖాముఖి చెప్పడానికి సిగ్గేసే మాటలన్నీ పొద్దున్నే అందులో వేసేదాన్ని. కళ్లు తెరవకుండానే జవాబిచ్చేవాడు. వాటిలో కొన్ని రాయడానికి పనికిరావు, మిగిలినవి ఎందుకూ పనికిరావు: ఇవాళ కాఫీ పెట్టే వంతు ఎవరిది, కొత్త కర్టెన్లు ఆకుపచ్చా నీలమా, పై వాటాలో రాత్రుళ్లు మంచం జరిపేది ఎవరు. కొత్త చీపురు కొన్నా మురిసిపోయే రోజులు. కొత్తొక వింత అని మా అమ్మ ఫోనులో వెక్కిరించేది. వెక్కిరిస్తే వెక్కిరించనీ, చీపురు నిజంగానే బాగుండేది.

ఒక ఉదయం నేను చెప్పిన మాటకు జవాబు రాలేదు. నిద్రలో ఉన్నాడేమో అని తల ఎత్తి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాడు, పైకప్పు వైపు చూస్తున్నాడు. అదే మాట మళ్లీ చెప్పాను, ఈసారి కాస్త గట్టిగా. ఏమీ లేదు. నా చెయ్యి తగిలాక ఇటు తిరిగి, "అప్పుడే లేచావా?" అన్నాడు.

ఆ మాట ఏమిటో ఇప్పటికీ అతనికి తెలియదు.

మా ఆయన చెల్లో వాయిస్తాడు. సినిమాలకు నేపథ్య సంగీతం రికార్డు చేసే ఆర్కెస్ట్రాలో ఉద్యోగం. చెల్లో తెలియనివాళ్లకు నేను చెప్పే గుర్తు ఒకటే, ఒళ్లో పట్టనంత పెద్దగా ఎదిగిన వయొలిన్. మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, గుండెకు ఆనించుకుని వాయించాలి. మేము కాపురం పెట్టిన రోజు ఇంట్లోకి ముందు అది వచ్చింది, తర్వాత నేను. దానికి సవతి అని పేరు పెట్టాను. దానికి ఒక మంచి గుణం ఉందనేవాడు మా ఆయన: అలిగితే మాట్లాడకుండా మూల నిలబడుతుంది, నాలాగా గిన్నెలు చప్పుడు చెయ్యదట.

ఆ రోజుల్లో ఒక అంతరిక్ష సినిమాకు సాధన చేస్తున్నాడు. ఇంట్లో నాకు వినిపించేది అతని వంతు ఒక్కటే, ఫోనులో ఒకవైపు మాటలు విన్నట్టు. నాలుగు పొడవాటి స్వరాలు వాయించి ఆగిపోయేవాడు. అక్కడ మిగతా వాయిద్యాల వంతు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు. ఆ ఖాళీల్లో నేను వెనక నుంచి వచ్చి ముద్దు పెట్టి లెక్క తప్పించేదాన్ని. సినిమా కథ అడిగితే తనకూ సరిగ్గా తెలియదన్నాడు. ఎవరో అంతరిక్షంలో తప్పిపోతారట, ఆ చోట చెల్లో ఒంటరిగా వినపడాలట, ఆ ఒంటరి చెల్లో తనేనట. మొదటిసారి తన ఒక్కడి కోసం రాసిన చోటు అది. ఆ బాణీని గిన్నెలు కడుగుతూ ఈలగా వేసేవాడు. ఊయల ఊగుతున్నట్టు చిన్న బాణీ. నాకూ వచ్చేసింది. నేను పాడితే మాత్రం, "శృతి తగ్గింది, ఎత్తు," అనేవాడు. ఎత్తితే ఎక్కువైందనేవాడు.

ఆ ఉదయం తర్వాత నేను అతన్ని గమనించడం మొదలుపెట్టాను. ముందు చెవిలోకి నీళ్లు పోయాయన్నాడు. తర్వాత జలుబన్నాడు. మాట్లాడేటప్పుడు కుడి చెవి నా వైపు తిప్పేవాడు. ఎడమ నుంచి దగ్గరికి వెళితే ఉలిక్కిపడేవాడు. ఒకరోజు కూరగాయలకు వెళ్లాం. వీధి దాటుతుంటే ఎడమ వైపు నుంచి ఒక వ్యాను హారన్ కొడుతూ వస్తోంది. మా ఆయన వంకాయల గురించి ఏదో చెబుతూ నింపాదిగా రోడ్డు మీదికి అడుగేశాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. గుండీ ఒకటి తెగి నా చేతిలోకి వచ్చింది. వ్యాను డ్రైవరు తల బయటపెట్టి తిట్టిన తిట్టు నాకు వినిపించింది, అతనికి వినిపించలేదు. ఆ పూట నుంచి వీధిలో నేను అతనికి ఎడమ వైపే నడిచాను, గోడలాగా.

నా కాలేజీ స్నేహితురాలు ఇప్పుడు డాక్టరు. ఎవరో దూరపు బంధువుకు అన్నట్టు అడిగాను. చెవి అలా ఉన్నట్టుండి పోతే జలుబని ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే మందు పడితే కొందరికి తిరిగి వస్తుంది, వారాలు గడిస్తే తలుపు మూసుకున్నట్టే అంది. బంధువు ఎవరని అడిగింది. ఫోను పెట్టేశాను.

అతనికి చెప్పాను. సోలో రికార్డింగు అయిపోగానే వెళదాం అన్నాడు. అప్పటికే వారం దాటింది, రికార్డింగుకు ఇంకా కొన్ని రోజులున్నాయి. నేను ఏడ్చాను. ఆర్కెస్ట్రాలో చెవి పోయిందన్న మాట ఒకసారి పొక్కితే తర్వాత చెవి తిరిగి వచ్చినా మాట తిరిగి రాదు అన్నాడు. నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ముఖ్యంగా అన్నయ్యకు.

వాళ్ల అన్నయ్య, అంటే మా బావగారు, అదే స్టూడియోలో రికార్డింగు ఇంజనీరు.

రికార్డింగు రోజు ఉదయం బావగారే వచ్చి మమ్మల్ని కారులో తీసుకెళ్లాడు. తమ్ముడి మొదటి సోలో కదా, మరదలు చూడకపోతే ఎలా అన్నాడు. దారంతా హాస్యాలే. అందరి ముందూ నేను మా ఆయన్ను మీరు అంటాను, గదిలో నువ్వు అంటాను. బావగారికి ఈ గుట్టు తెలుసు. "మరదలా, ఇవాళ మైకులు గోడల్లో కూడా ఉంటాయి. మీరు, నువ్వు కలిపేసుకోకు," అన్నాడు. నవ్వాను. నా చేతిలో తెగిన గుండీ ఉంది. ఇంకా కుట్టలేదు.

స్టూడియో హాలు పెద్దది, గోడలకు చెక్క పలకలు, నేల మీద ఎక్కడ చూసినా పాముల్లా వైర్లు. నన్ను అద్దం వెనక గదిలో బావగారి పక్కన కూర్చోబెట్టారు. అద్దం అవతల ఆర్కెస్ట్రా. ఎత్తు పీట మీద సంగీత దర్శకుడు. ఆయన్ను అక్కడ అందరూ పెద్దాయన అంటారు, మనిషి పొట్టి. చెల్లోల వరుసలో మొదట మా ఆయన, అతనికి ఎడమ పక్కన భుజం తగిలేంత దగ్గరగా గడ్డం మాస్టారు. చిన్నప్పుడు మా ఆయనకు చెల్లో నేర్పింది ఆయనే. ఇద్దరి మధ్య ఒక సన్నటి మైకు.

అందరూ హెడ్‌ఫోను పెట్టుకున్నారు, కానీ ఒక చెవికే. ఎందుకని అడిగితే బావగారు చెప్పాడు. సినిమా బొమ్మకు సంగీతం సరిగ్గా అతకాలంటే తాళం తప్పకూడదు. అందుకని హెడ్‌ఫోనులో టిక్, టిక్ అని ఒక శబ్దం పంపిస్తారు. దాన్ని క్లిక్ అంటారు. ఒక చెవిలో క్లిక్, రెండో చెవిలో పక్కవాళ్ల వాయిద్యం. రెండు చెవులకు రెండు పనులు.

"ఎవరు ఏ చెవికి పెట్టుకుంటారు?" అని అడిగాను.

ఎవరి అలవాటు వాళ్లదన్నాడు. చెల్లోవాళ్లంతా ఎడమకే.

మా ఆయన ఎడమ చెవికే పెట్టుకుని ఉన్నాడు. పక్కవాళ్ల శృతి వినడానికి మంచి చెవి కావాలి, అది వదులుకోలేడు. అందుకని క్లిక్‌ను చచ్చిన చెవికి ఇచ్చేశాడు. పెద్దాయన తాళం వేసే చెయ్యి చూసి లాగించేద్దామనుకున్నాడన్నమాట.

దీపాలు తగ్గించారు. హాలులో తెర మీద మాటలు లేని బొమ్మ మొదలైంది. సినిమాలో ఒక చిన్న అంతరిక్ష నౌక, అందులో భార్యాభర్తలిద్దరు. అతను మరమ్మతుకు బయటికి వెళతాడు. నౌకకూ అతనికీ మధ్య ఒకే ఒక తాడు. పెద్దాయన చెయ్యి లేచింది.

ఇంట్లో నేను విన్నది పాటలో ఒక దారం మాత్రమేనని అప్పుడు తెలిసింది. బట్ట మొత్తం ఇక్కడ ఉంది. మొదట ఇత్తడి వాయిద్యాలవాళ్లు స్వరమే ఊదలేదు, ఉత్త గాలి వదిలారు. హాలంతా ఎవరో శిరస్త్రాణం లోపల ఊపిరి పీలుస్తున్నట్టయింది. నేను కూడా వాళ్లతోపాటే పీల్చాను. తర్వాత వయొలిన్లు పైన ఎక్కడో, గాజు మీద గోరు గీసినంత సన్నగా ఒకే స్వరం పట్టాయి. కింద చెల్లోకన్నా పెద్దవైన బాసు వాయిద్యాలు, చెవికన్నా కడుపుకు ముందు తెలిసే స్వరం. పైదానికీ కిందిదానికీ మధ్య ఏమీ లేదు. ఒక్క వాయిద్యం లేదు. అంతరిక్షం అంటే డప్పులూ బూరలూ మోగుతాయనుకున్నాను. ఈ పెద్దాయన మధ్యలోది తీసేశాడు, అంతే. ఆ ఖాళీలోకి చూస్తే కళ్లు తిరిగాయి.

కాలేజీలో భౌతికశాస్త్రం చదివినదాన్ని, శూన్యంలో శబ్దం ఉండదని తెలుసు. అదే బావగారి చెవిలో అన్నాను, భయం పోగొట్టుకోవడానికి. "ఉంటే మాతో పనేముందమ్మా," అన్నాడు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

తెర మీద తాడు తెగింది. ఏ మోతా లేదు. ఆ ఖాళీ మధ్యలోకి చెల్లో ఒక్కటే వచ్చింది.

మా ఆయన గిన్నెలు కడుగుతూ ఈల వేసిన బాణీ అది. ఆ ఊయల బాణీయే. కానీ ఎంత నెమ్మదిగా ఉందంటే, ఒక స్వరానికీ తర్వాతి స్వరానికీ మధ్య ఇది ఇక రాదేమో అనిపిస్తోంది. తెర మీద భార్య రేడియోలో పిలుస్తోంది. పెదవులు కదులుతున్నాయి. అతను దూరంగా తిరుగుతూ వెళ్లిపోతున్నాడు. అతనికి వినపడటం లేదు. ఇంత అందమైనది నా మొగుడు వాయిస్తున్నాడని పొంగిపోవాల్సిన చోట నా ఒళ్లు గగుర్పొడిచింది. ఎడమ పక్కన పడుకుని ఎన్ని ఉదయాలు నేను అలా పెదవులు కదిపానో.

అప్పుడు వినిపించింది. టిక్. టిక్. టిక్.

చాలా చిన్నగా, చెల్లో వెనకాల, గోడ అవతల ఎవరో వేలితో కొడుతున్నట్టు. బావగారు చెయ్యెత్తి ఆపించాడు. ఎవరిదో హెడ్‌ఫోనులోంచి క్లిక్ బయటికి కారి మైకులో పడుతోందన్నాడు. నిశ్శబ్దమైన చోట్లలో ఇది మామూలేనట. అందరూ హెడ్‌ఫోను శబ్దం కాస్త తగ్గించండి అని మైకులో, వాళ్ల హెడ్‌ఫోనులకు వినపడేలా చెప్పాడు. అందరి చేతులూ పక్కనున్న చిన్న మీటల మీదికి వెళ్లాయి. ఒక క్షణం ఆలస్యంగా, పక్కవాళ్లను చూసి, మా ఆయన చెయ్యి కూడా కదిలింది. దేన్ని ఎటు తిప్పాడో దేవుడికి తెలియాలి.

మళ్లీ మొదలుపెట్టారు. ఊపిరి, వయొలిన్లు, బాసులు, ఖాళీ, చెల్లో. టిక్. టిక్. ఈసారి ఇంకా గట్టిగా.

నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఒక్కసారిగా కాదు, చలి పాదాల నుంచి పైకి పాకినట్టు. జలుబు కాదు. కొంచెం మందగించడం కూడా కాదు. చెవికి అతుక్కుని ఉన్న హెడ్‌ఫోనులోంచి ఆ శబ్దం బయటికి కారి, మైకులో పడి, అద్దం దాటి నాదాకా వస్తోందంటే, అక్కడ ఆ చెవిలో అది సుత్తి దెబ్బలా మోగుతూ ఉండాలి. గదిలో ఉన్న అందరికీ వినిపిస్తోంది. మోగుతున్నది ఎవరి చెవిలోనో, ఆ మనిషి ఒక్కడికే వినిపించడం లేదు. ఏదైనా అందుతుందేమోనని మీటను చివరిదాకా తిప్పేసి ఉంటాడు.

బావగారు చెల్లోల మైకు ఒక్కటే పైకి లేపి విన్నాడు. అక్కడిదే అని తల ఊపాడు. "గడ్డం మాస్టారిదే. వయసు మీద పడింది, పెంచుకుని వింటున్నాడు పాపం," అన్నాడు. పెద్దాయనతో ఏదో మాట్లాడాడు. ఈ ఒక్క భాగానికి మాస్టారు పక్కకు వెళ్లి కూర్చుంటే బాగుంటుందని హెడ్‌ఫోనుల్లో మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పినా అంతమంది ముందు అది మాట పడినట్టే. గడ్డం మాస్టారు హెడ్‌ఫోను తీసి దాని వంక చూశాడు. "నా చెవే అయ్యుంటుంది బాబూ. ఈ మధ్య నాకూ అనుమానంగానే ఉంది," అన్నాడు. లేని తప్పు ఒప్పుకుని, చెల్లోను జాగ్రత్తగా పక్కకు వాల్చి లేవబోయాడు. మా ఆయనకు ఏం జరుగుతోందో తెలియడం లేదు. మాస్టారు ఎందుకు లేస్తున్నాడో అని అటూ ఇటూ చూస్తున్నాడు.

ఒట్టు గుర్తొచ్చింది. నా చెయ్యి కింద అతని జుట్టు గుర్తొచ్చింది. నోరు విప్పితే ఆ సోలో పోతుంది, మాట పొక్కుతుంది. విప్పకపోతే మాస్టారు వెళ్లిపోతాడు, ఇంకో రోజు గడుస్తుంది, తలుపు ఇంకో అంగుళం మూసుకుంటుంది. తెర మీద ఆ భార్య బొమ్మ ఆగిపోయి ఉంది, నోరు సగం తెరిచి.

"బావగారూ, అది మాస్టారిది కాదు. మా ఆయనది. ఆయనకు ఎడమ చెవి వినపడదు."

బావగారు నవ్వాడు. "వాడికా? పాము చెవులమ్మా వాడివి. చిన్నప్పుడు నేను వంటింట్లో డబ్బా మూత తీస్తే పెరట్లోంచి పరిగెత్తుకొచ్చేవాడు."

నేను నవ్వలేదు. అతను నా ముఖం చూశాడు. తర్వాత బల్ల మీద కొన్ని మీటలు మూసేశాడు, ఒక్కటి తెరిచాడు. మా ఆయన హెడ్‌ఫోనుకు మాత్రమే వెళ్లే దారి అది. మైకు దగ్గరికి వంగి, ఇంట్లో పిలిచినట్టు పిలిచాడు.

"చిన్నోడా. చెయ్యెత్తు."

హాలులో గడ్డం మాస్టారు తల తిప్పాడు. ఆయన పక్కనున్న చెల్లో అమ్మాయి తిప్పింది. వెనక వరుసలో ఇద్దరు మెడలు చాచారు. మా ఆయన చెవిలోంచి కారిన ఆ పిలుపు వాళ్లందరికీ అందింది. మా ఆయన చెల్లో వాయించే కమాను మీద వెంట్రుకలు సరిచేసుకుంటున్నాడు.

"చిన్నోడా, నాన్నా, చెయ్యెత్తరా," అన్నాడు బావగారు మళ్లీ.

మా ఆయన కమాను చూసుకుంటూనే ఉన్నాడు. నేను అద్దానికి చెయ్యి ఆనించాను, ఎందుకో. అతను తల ఎత్తితే కనిపించాలని కాబోలు. గడ్డం మాస్టారు కూర్చుని, అతని భుజం మీద చెయ్యి వేసి, చెవి నుంచి ఆ హెడ్‌ఫోను తనే తీశాడు. బావగారు క్లిక్ మళ్లీ పంపాడు, అది గాలిలో టిక్ టిక్ మంటూ వేలాడింది. దాన్ని మా ఆయన కుడి చెవి దగ్గరికి తీసుకెళ్లాడు. మా ఆయన అదిరిపడి వెనక్కి జరిగాడు. అప్పుడు అందరి ముఖాలూ చూశాడు. చివరికి అద్దం వైపు చూశాడు. నా వైపు.

పెద్దాయన పీట దిగి వచ్చి అతని దగ్గర వంగి, కుడి వైపున, నెమ్మదిగా ఏదో చెప్పాడు. ఒక్కసారి వాయిస్తానని మా ఆయన బతిమాలడం నాకు మాటలు లేకుండానే కనిపించింది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. బావగారు అప్పటికే కారు తాళాలు తీసుకుని లేచాడు. మేము తలుపు దాటుతుంటే వెనక నుంచి చెల్లో వినిపించింది. గడ్డం మాస్టారు ఆ బాణీ ఎత్తుకున్నాడు.

కారులో మా ఆయన నాతో మాట్లాడలేదు. ఆసుపత్రిలో అడిగినవాటికే జవాబు చెప్పాడు. డాక్టరమ్మ నిదానస్తురాలు. ఆలస్యం చేశారంది, మరీ ఎక్కువ కాదంది. మాత్రలు రాసింది, చెవిలోకి సూది మందు ఇచ్చింది. వస్తుందని మాట ఇవ్వలేను, రాదనీ అనను, వస్తే కింది స్వరాలు ముందు రావచ్చు అంది. బావగారు నడవాలో గోడకు ఆనుకుని, వంటింటి డబ్బా కథ నాకు మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

ఇంట్లో కూడా మాట లేదు. అన్నం పెడితే తిన్నాడు, మందు ఇస్తే మింగాడు. సవతి మూలన నిలబడే ఉంది. ఇప్పుడు ఇంట్లో అలిగినవాళ్లు ఇద్దరు. గడ్డం మాస్టారు ఫోను చేసి, నీ చోటు నీదేరా, నువ్వొచ్చేదాకా నేను కుర్చీ కాపాడుతుంటాను అన్నాడట. ఆ సంగతి కూడా బావగారు చెబితే తెలిసింది. రోజూ సూది, రోజూ మౌనం. వంటింట్లో గిన్నెలు నేనే కడిగేదాన్ని, ఈల లేకుండా. చెవి రాకపోతే ఎలా అని ఒక భయం. చెవి వచ్చినా మాట రాకపోతే ఎలా అని ఇంకో భయం. రెండోదే పెద్దదిగా ఉండేది, అలా అనుకున్నందుకు సిగ్గేసేది.

అయినా నేను నా పక్క మార్చుకోలేదు.

ఒక ఉదయం వెలుగు నా ముఖం మీద పడింది. అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్లు మూసుకుని. కుడి చెవి దిండులో కూరుకుపోయేలా తల అటు వాల్చుకున్నాడు. కావాలనే అలా పడుకున్నాడా, నిద్రలో జరిగాడా, తెలియదు. దగ్గరికి జరిగి మాట చెబుదామనుకున్నాను. కానీ ఊపిరి తగిలితే వినపడిందనుకుని మోసపోతామని భయమేసింది. అందుకని మోచేతి మీద లేచి, ముఖం కిటికీ వైపు తిప్పుకుని, ఆ బాణీని కింది స్థాయిలో, నా గొంతు ఎంత కిందికి పోతే అంత కిందికి, నోరు మూసుకుని పలికాను. మొదటి స్వరం. రెండోది. రెండోదానికీ మూడోదానికీ మధ్య చాలాసేపు ఆగాను, ఆ రోజు హాలులో ఆగినట్టు.

మూడోది పలికాక వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. కర్టెన్ వంక చూస్తూ కూర్చున్నాను. ఆకుపచ్చే అది, నీలం కాదు.

"తగ్గింది," అన్నాడు.

కర్టెన్ అంచు పట్టుకున్నాను.

"మూడోది. శృతి తగ్గింది, ఎత్తు."

ఎత్తాను. స్వరం ఎటో పైకి పోయింది.

"ఇప్పుడు ఎక్కువైంది," అన్నాడు. కాసేపటికి దిండు మీద తల కదిలిన చప్పుడైంది. "ఏదో మూటలో చుట్టి పంపినట్టు వస్తోంది. కింది స్వరాలు మాత్రమే. మాట ఏదన్నా అని చూడు."

వంగి, ఊపిరి బిగబట్టి, అప్పుడు జవాబు రాని ఆ మాటనే చెప్పాను.

చాలాసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. అందలేదు. కానీ మంచి చెవి ఇటు తిప్పలేదతను. ఆ చెవిని నాకు అలాగే వదిలిపెట్టి, నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"రేపు ఇంకోసారి చెప్పు," అన్నాడు.